అక్క బండికి రెండు లైట్లు

మా అక్క ఒక మనిషి కళ్ళు పోగొట్టిందట. అక్క పోయాక పలకరించడానికి వచ్చిన ఒక దూరపు చుట్టం మా ఇంట్లోనే, నా ఎదురుగా కూర్చుని, టీ గ్లాసు ఊదుకుంటూ ఈ మాట అన్నాడు. "మంచిదే పాపం. కాకపోతే ఆ లైట్లు పెట్టించుకుని ఒకాయన్ని గుడ్డివాణ్ని చేసింది కదా. అదొక్కటే..." అని నాలుక చప్పరించాడు. ఆ గ్లాసు చేతిలోంచి లాక్కోవాలనిపించింది. బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు కాబట్టి ఆగాను.

ఎవరి కళ్ళూ పోలేదు. ఒకాయన మణికట్టు బెణికింది. ఆ కథ మణికట్టు నుంచి కళ్ళ దాకా ఎలా పాక్కుంటూ పోయిందో నాకు తెలియదు. ఇంకో నాలుగేళ్ళు పోతే ప్రాణాల దాకా పోతుంది. జరిగింది జరిగినట్టు చెప్పగలిగినవాళ్ళలో అక్క లేదు, బావ మాట్లాడడు. ఇక మిగిలింది నేనే.

అక్క చేపలు అమ్మేది. తెల్లవారకముందే మోటారు సైకిలు మీద రేవుకు వెళ్ళి, వేలంలో చేపలు పాడుకుని, పక్కనే ఉన్న ఐసు ఫ్యాక్టరీలో ఐసు కొట్టించుకుని, బండి వెనక కట్టిన పెద్ద పెట్టెలో ఒక పొర ఐసు, ఒక పొర చేపలు చొప్పున పేర్చుకుని, కాలువగట్టు రోడ్డు మీదుగా ఊళ్ళోని మార్కెట్టుకు వచ్చేది. అప్పటికి బావ బల్ల కడిగి, కత్తి నూరుకుని కూర్చునేవాడు. తేవడం ఆమె వంతు, కొయ్యడం ఆయన వంతు. బావకు బండి నడపడం రాదు. "కూర్చోబెట్టుకుని తిప్పే పెళ్ళాం ఉండగా నాకెందుకయ్యా లైసెన్సు" అనేవాడు.

రేవులో అక్కను అందరూ సైరన్ అని పిలిచేవాళ్ళు. బండి హారన్ ఎప్పుడో మూగబోయింది. దాన్ని బాగు చేయించే ఉద్దేశం ఆమెకు లేదు. "నా నోరు అరిగిపోలేదుగా" అనేది. మలుపు తిరిగే ముందు "వస్తున్నా, తప్పుకోండి" అని ఒక కేక వేసేది. కుక్కలు కూడా ఆ కేకకు అలవాటు పడ్డాయి.

హారన్ పనికి గొంతు సరిపోయింది గానీ, లైటు పనికి ఏదీ సరిపోలేదు. అది పాత బండి. ఇంజను జోరుగా తిరిగితే హెడ్‌లైటు కాస్త వెలిగేది. నెమ్మదిస్తే అదీ నెమ్మదించేది. అంటే గుంత వచ్చిందని వేగం తగ్గించగానే, సరిగ్గా ఆ గుంత దగ్గరే చీకటయ్యేది. ఇక ఎదురుగా లారీ వచ్చిందంటే చెప్పేదేముంది. కాలువగట్టు మీద ఒక్క స్తంభానికీ దీపం లేదు. ఫ్యాక్టరీకి వచ్చే లారీలు పెద్ద లైట్లు వేసుకుని దూసుకొచ్చేవి. ఒక్కడూ డిమ్ కొట్టేవాడు కాదు. తెల్లటి గోడ ఒకటి మీద పడినట్టుండేదట. అది దాటిపోయాక కాసేపు రోడ్డెక్కడో, కాలువెక్కడో తెలిసేది కాదట.

ఒక రోజు అక్క అలాంటి లారీనే ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగి ఉండగా పట్టుకుంది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. నాకు ప్రెస్సులో డ్యూటీ పొద్దెక్కాకే. పొద్దున్నపూట ఒక్కోసారి చేపల బుట్టలు మోయడానికి సాయం వెళ్ళేవాణ్ని.

"ఏం బాబూ, డిమ్ కొట్టడం రాదా నీకు?" అని డ్రైవర్ను అడిగింది.

"ఎవరికి కొట్టాలి?"

"ఎదురుగా వచ్చే మనిషికి."

"మనిషి కనిపిస్తే కొడతానమ్మా. నీ బండికి అసలు లైటుందా? అగ్గిపుల్ల గీసుకుని వస్తున్నావేమో అనుకున్నా."

పక్కనున్న క్లీనర్ పడీపడీ నవ్వాడు. అక్క తిరిగొచ్చి బండెక్కింది. ఆమె ఏమీ అనకపోతే నాకు భయం. దారంతా "నేను కనపడ్డం లేదట. విన్నావురా? అసలు నేను కనపడ్డమే లేదట" అని గొణుక్కుంటూ ఉంది.

ఆ వారంలోనే పడింది. లారీ వెలుతురుకు కళ్ళు చెదిరి, బండి గట్టు అంచు మీంచి కిందికి జారిపోయింది. అక్కకు మోచేతులు గీసుకుపోయాయి, అంతే. కానీ పెట్టె మూత ఊడి చేపలన్నీ కాలువలోకి వెళ్ళాయి. మార్కెట్టుకు ఉత్త పెట్టెతో వచ్చింది. బావ సంగతి విని, ముందు ఆమె చేతులు కడిగి మందు రాసి, ఆ తర్వాత ఉండబట్టలేక, "పోన్లే, పాపం వాటి ఇంటికి అవి వెళ్ళిపోయాయి" అన్నాడు. అక్క సాయంత్రం దాకా ఆయనతో మాట్లాడలేదు. సాయంత్రం నన్ను పిలిచి, "పద, బ్యాటరీ బాబాయ్ దగ్గరికి" అంది.

బ్యాటరీ బాబాయ్ మాకు చుట్టమేం కాదు. ఆ వీధిలో అందరికీ బాబాయే. కొట్టు ఇరుకు. గోడ నిండా పాత హారన్లు మేకులకు వేలాడుతూ ఉంటాయి. కింద వరసగా బ్యాటరీలు, వాటి మీద యాసిడ్ తిని చిల్లులు పడ్డ గోనెపట్టా. కూర్చోవడానికి స్కూటరు సీటు బిగించిన ఒక స్టూలు ఉంటుంది. దాని మీద ఎవరినీ కూర్చోనివ్వడు.

"ఏమ్మా సైరనూ, ఇన్నాళ్ళకు హారన్ గుర్తొచ్చిందా?" అన్నాడు.

"హారన్ కాదు బాబాయ్, లైట్లు. రెండు పెట్టాలి."

"ఎందుకమ్మా, ఉన్నదాన్నే బాగు చేస్తాను."

"దానికి నువ్వు ప్రాణం పొయ్యలేవు. దాన్నలా ఉండనియ్. కింద రెండు కొత్తవి పెట్టు. వాటికి విడిగా స్విచ్చుండాలి. వెయ్యమన్నప్పుడు వెలగాలి, ఆపమన్నప్పుడు ఆగాలి."

"మా ఇంట్లో నేనూ అలాగే ఉంటాలే" అన్నాడు బాబాయ్.

పని మాత్రం శ్రద్ధగా చేశాడు. ఇంజను ముందున్న గార్డు పైపుకు రబ్బరు ముక్కలు చుట్టి, వాటి మీద క్లాంపులు బిగించి, అటొకటి ఇటొకటి లైట్లు పెట్టాడు. వైర్లు ట్యాంకు కింద నుంచి లాగి, సీటు కింద ఫ్యూజు కట్టాడు. కొత్త బ్యాటరీ వేశాడు. స్విచ్చు ఎడమ చేతి బొటనవేలికి అందేలా హ్యాండిల్ మీద పెట్టాడు. పొద్దుగూకాక బండిని ఎదురుగా ఉన్న గోదాము గోడకేసి నిలబెట్టి, అక్కను ఎక్కి కూర్చోమని, గోడ మీద సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గీశాడు. వెలుతురు ఆ గీత దాటకూడదు.

"ఇంకా దించు" అంది అక్క.

"దించాను కదమ్మా."

"ఇంకొంచెం. ఎదుటివాడి కళ్ళల్లో పడితే నాకూ ఆ లారీవాడికీ తేడా ఏముంది?"

"ఇంకా దించితే నీ టైరు నువ్వు చూసుకుంటూ పోవాలి."

"చూసుకుంటూ పోతాను. దించు."

నన్ను గోడ దగ్గర నిలబెట్టి, "కంట్లో పడుతోందా?" అని అడిగింది. మోకాళ్ళ దాకానే వస్తోందన్నాను. ఇంటికి వెళ్తుంటే ఖాళీ పెట్టె వెనక లొటలొటా కొట్టుకుంది. అక్క మాత్రం వీధంతా వెన్నెల పరిచినట్టు మురిసిపోయింది. ఆ రాత్రి బావను కూడా క్షమించింది.

మొదట్లో బాగానే ఉంది. కాలువగట్టు మీద ఇన్నాళ్ళూ తాను గుంతలనుకున్నవి గుంతలు కావనీ, నున్నటి రోడ్డనుకున్నదే గుంతలనీ వచ్చి చెప్పింది. లారీలు ఆమెను చూసి వేగం తగ్గించాయి. ఒకటి రెండు డిమ్ కూడా కొట్టాయట. "కనపడుతున్నానురా" అంది నాతో. చిన్నపిల్ల కొత్త గౌను చూపించినట్టు చెప్పింది.

గొడవ పెట్టుకున్నది లారీలు కాదు, సైకిళ్ళు.

ఐసు ఫ్యాక్టరీలో పొద్దున షిఫ్టు వాళ్ళు ఊళ్ళోంచి సైకిళ్ళ మీద వస్తారు. అక్క చేపలతో ఊళ్ళోకి వస్తుంటే వాళ్ళు ఎదురొస్తారు. వాళ్ళు ముందు చేతులు అడ్డం పెట్టుకున్నారు. తర్వాత అరవడం మొదలుపెట్టారు. "సైరనూ, నీ లైట్లు పైకి కొడుతున్నాయి" అని ఒకడంటే, "సినిమా చూపిస్తున్నావా" అని ఇంకొకడు. అక్కకు ఒళ్ళు మండిపోయింది. "ఇన్నాళ్ళూ లారీలు కళ్ళు పీకేస్తుంటే నోరెత్తలేదు. ఆడది రెండు లైట్లు పెట్టుకుంటే వీళ్ళ కంట్లో పడ్డాయి. గోడ మీద గీత గీయించి మరీ పెట్టించాను. ఎవడికి చెబుతారు?" అని ఇంటికొచ్చి గిన్నెలు ఎత్తెత్తి వేసింది.

కొన్నాళ్ళకు ఐసు మేస్త్రి పడ్డాడు. ఆయన ఆ షిఫ్టులో పెద్దవాడు, నెమ్మదస్తుడు. ఆ లైట్లకు కళ్ళు మూసుకుపోయి, సైకిలు పక్కకు తిప్పి, కంకర కుప్ప మీద పడ్డాడు. చెయ్యి నేలకు ఆనించడంతో మణికట్టు బెణికింది. అక్క బండి ఆపి పరిగెత్తుకెళ్ళి లేపింది. ఆయన "ఏం కాలేదులే" అన్నాడు. పక్కవాళ్ళు మాత్రం ఊరుకోలేదు.

మరుసటి రోజు అక్కకు ఐసు ఇవ్వలేదు.

నేనూ ఉన్నాను. ఐసు దిమ్మలు ఎప్పటిలాగే చెక్క బాట మీద జారుకుంటూ వస్తున్నాయి. మర ఎప్పటిలాగే వాటిని గరగరా నలగ్గొడుతోంది. అందరి బుట్టలూ నిండుతున్నాయి. అక్క పెట్టె దగ్గరికి వచ్చేసరికి పారవాడు పార కింద పెట్టి, పక్క పెట్టె దగ్గరికి వెళ్ళిపోయాడు. మేస్త్రి కోసం పొద్దున షిఫ్టు వాళ్ళు రాత్రి వాళ్ళతో కూడా మాట్లాడి పెట్టారు.

"లైట్లు పీకించుకుని రా. ఐసు ఇస్తాం" అన్నాడొకడు.

ఐసు లేకపోతే చేపల వ్యాపారం లేదు. ఆ చుట్టుపక్కల ఇంకో ఐసు ఫ్యాక్టరీ లేదు. లైట్లు పీకితే మళ్ళీ ఆ చీకట్లో, ఆ అగ్గిపుల్లతో, ఆ గట్టు మీద పోవాలి. అక్క పెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఆ లారీ ఎవరిది?" అని గేటు లోపల ఐసు నింపుకుంటున్న లారీని చూపించి అడిగింది.

పారవాడు పక్క పెట్టెలో ఇంకో పార పోశాడు.

"పోయిన నెల నన్ను గట్టు కింద పడేసింది అలాంటిదే. నా చేపలన్నీ నీళ్ళపాలయ్యాయి. మీ అందరికీ తెలుసు. అప్పుడు ఏ లారీకి ఐసు ఆపారు? మీరు సైకిళ్ళ మీద వస్తుంటే రోజూ మీ కళ్ళల్లో కొట్టేది ఎవరు? వాళ్ళకు పారతో నింపుతారు. నాకు మాత్రం పార కింద పెడతారు."

"లారీ సంగతి వేరు" అన్నాడు పారవాడు.

"ఏం వేరు? వాడిది పెద్దది, నాది చిన్నది. అంతేగా?"

ఆ ప్రశ్నకు ఆ రోజు ఎవరూ జవాబు చెప్పలేదు. ఈ రోజుకీ చెప్పలేదు. నా కోపమంతా అక్కడే ఉంది. మా అక్క లైట్లను గురించి ఇన్నేళ్ళ తర్వాత కూడా మాట్లాడుకునే మనుషులు ఆ లారీలను గురించి ఒక్కసారీ మాట్లాడలేదు.

అంతలో మేస్త్రి వచ్చాడు. మణికట్టుకు గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. అంతా విని, "అమ్మాయ్, నువ్వు చెప్పేది నిజమే. నా కళ్ళల్లో పడుతోందన్నదీ నిజమే. నా సైకిలు తీసుకుని నువ్వొకసారి ఎదురురా. నీ బండి ఎవరైనా తోలుతారు. నీకే తెలుస్తుంది" అన్నాడు.

"వస్తాను. సాయంత్రం చీకటి పడనీ. పడడం లేదని తేలితే?"

"నా చేత్తో నేనే నీ పెట్టె నింపుతాను."

"ఏ చేత్తో?" అంది అక్క గుడ్డ వంక చూసి. మేస్త్రికి నవ్వాగలేదు. అక్క నవ్వలేదు.

ఆ రోజు చేపల్ని తడి గోనెల్లో చుట్టుకుని వచ్చాం. మధ్యాహ్నానికే మెత్తబడ్డాయి. బావ సగం ధరకు ఇచ్చేశాడు.

సాయంత్రం ఫ్యాక్టరీ గేటు ముందు జనం చేరారు. నేను బండి ఎక్కబోతుంటే మేస్త్రి ఆపాడు. "రోజూ ఎలా వస్తుందో అలాగే రావాలి. పెట్టె నింపండి" అన్నాడు. అప్పటిదాకా ఐసు ఇవ్వనన్నవాడే పారతో ఎత్తి పెట్టె నిండా పోశాడు. బండి వెనక భాగం కిందికి కుంగింది. నేను కొంత దూరం పోయి, తిప్పుకుని, లైట్లు వేసి తిరిగొచ్చాను. అక్క మేస్త్రి సైకిలు నడిపించుకుంటూ ఎదురొచ్చింది. ఆమె రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉన్నాయి. ముందు తల తిప్పుకుంది. తర్వాత కళ్ళు గట్టిగా మూసుకుని, ఉన్నచోటే నిలబడిపోయింది.

"ఆపరా" అంది.

లైట్లు ఆపాను. అక్క సైకిలు మేస్త్రికి అప్పజెప్పి బండి చుట్టూ తిరిగింది. పెట్టె మీద రెండు చేతులూ ఆనించి కిందికి నొక్కింది. ముందు భాగం లేచింది. వదిలింది. మళ్ళీ నొక్కింది. బాబాయ్ కొట్టు దగ్గర పెట్టె ఖాళీగా ఉంది. ఖాళీ బండికి గీత గీయించి, నిండు బండిని రోడ్డు మీద నడిపింది. మోకాళ్ళ దాకా రావలసిన వెలుతురు ఐసు బరువుకు లేచి సరిగ్గా సైకిలు మీద వచ్చే మనిషి మొహానికి తగులుతోంది.

చుట్టూ ఉన్నవాళ్ళు ఇప్పుడు ఆమె తల దించుకుంటుందని చూశారు. అక్క వాళ్ళ మీదికే తిరిగింది.

"పైకి కొడుతున్నాయి, పైకి కొడుతున్నాయి అని అరిచారు. పెట్టె నిండుగా ఉన్నప్పుడు లేస్తున్నాయని ఒక్కడన్నా చెప్పాడా?"

"మాకేం తెలుసు సైరనూ? మేం కళ్ళు మూసుకుని ఉన్నాం కదా" అన్నాడు సైకిళ్ళవాళ్ళలో ఒకడు.

జనమంతా నవ్వారు. అక్క మేస్త్రి దగ్గరికి వెళ్ళింది. "నీ చెయ్యి నా వల్లే బెణికింది. తప్పు నాదే. ఇవాళే సరిచేయించుకుంటాను" అంది. ఆయన ఏదో అనబోయాడు. "ఆగు, నాది అయిపోలేదు. ఐసు ఆపడం మీ తప్పు. ఇదీ అదీ కలిపెయ్యకండి. నాది నేను చూసుకుంటున్నాను. మీది మీరు చూసుకోండి."

నేను వెళ్ళి బాబాయ్‌ను తీసుకొచ్చాను. అక్క ఆయన్ని కూడా వదల్లేదు.

"బండి వెనక ఇంత పెట్టె కనపడుతుంటే, ఇందులో ఏం మోస్తావమ్మా అని అడగలేదేం?"

"నువ్వు దించు దించు అని నా ప్రాణం తోడేస్తుంటే ఇంకేం గుర్తుంటుందమ్మా?" అన్నాడు బాబాయ్ క్లాంపులు వదులు చేస్తూ.

ఫ్యాక్టరీ గోడకేసి, నిండు పెట్టెతో, అక్కను సీటు మీద కూర్చోబెట్టి మళ్ళీ సరిచేశాడు. మేస్త్రి సైకిలెక్కి, కాలు నేలకానించి, ఎదురుగా నిలబడ్డాడు. "ఇంకా... ఇంకా... ఆఁ, ఇప్పుడు నీ మొహం కనపడుతోంది" అన్నాడు. బాబాయ్ బోల్టులు బిగించాడు. మర్నాటి నుంచి ఐసు ఇచ్చారు.

కథ ఇక్కడితో అయిపోయిందని ఫ్యాక్టరీ వాళ్ళు అనుకున్నారు. అక్క అనుకోలేదు. రోజూ పెట్టె నిండుతుండగా "మీది చూసుకున్నారా?" అని అడిగేది. మొదట నవ్వేవాళ్ళు, తర్వాత విసుక్కునేవాళ్ళు. చివరికి మేస్త్రి సిగ్గుపడ్డాడనుకుంటాను. పెద్ద లైట్లతో గేటులోకి వచ్చిన లారీని ఒక పొద్దున ఆపి, కాలువగట్టు మీద డిమ్ కొడతానని ఒప్పుకుంటేనే ఐసు ఎక్కిస్తామన్నాడు. కుర్రాళ్ళు ఆయన వెనక నిలబడ్డారు. కొద్ది రోజులు లారీలు బుద్ధిగా వచ్చాయి. అప్పుడు మేనేజరు ఆఫీసు గదిలోంచి బయటికొచ్చి, లారీకి ఐసు ఎక్కించనివాడు రేపటి నుంచి రానక్కర్లేదన్నాడు. పారలు మళ్ళీ లేచాయి.

ఆ సంగతి చెప్పడానికి మేస్త్రే మార్కెట్టుకు వచ్చాడు. బల్ల ముందు నిలబడి ఒక చేప బేరమాడినట్టు నటించి, మెల్లగా చెప్పాడు. "పిల్లలున్నవాళ్ళం కదమ్మా. వాళ్ళతో మనమేం గెలుస్తాం? నీదైతే చిన్న బండి, మాట వింటుంది."

"చిన్న బండని నా మీద పడ్డారు" అంది అక్క. చేప తూచి బావ ముందుకు తోసింది. "బాగా కొయ్యి. మేస్త్రికి ముళ్ళు లేకుండా కావాలి. గొంతులో అడ్డం పడతాయి."

మేస్త్రి పొట్లం తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రోజూ షిఫ్టుకు ముందే వచ్చి, ఆయనే దగ్గరుండి అక్క పెట్టె నింపించేవాడు. ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు కారని కాదు. లారీ లోపలికి వచ్చినప్పుడు మాత్రం ఆయన అటు తిరిగి నిలబడేవాడు.

జబ్బు పడేదాకా అక్క ఆ రోడ్డు మీదే తిరిగింది. ఒక సాయంత్రం చీకటి పడుతుండగా, పడవ యజమానితో పనుండి, పెట్టె విప్పేసి నన్ను ఎక్కించుకుని రేవుకు బయలుదేరింది. "కూర్చో, పెట్టె బరువుంటావు నువ్వు. లైటు సరిగ్గా పడుతుంది" అంది. గట్టు మీద దూరాన లారీ కనిపించింది. అక్క ఎడమ బొటనవేలు స్విచ్చు మీదికి వెళ్ళింది. మా రెండు లైట్లూ ఆరిపోయాయి. పాత హెడ్‌లైటు మిణుకుమిణుకుమంటోంది. లారీ తన లైట్లు తగ్గించలేదు. ఆ తెల్లటి గోడ మా మీద పడింది. నాకేమీ కనిపించక అక్క భుజం పట్టుకున్నాను.

"నువ్వెందుకక్కా ఆపడం? వాడు తగ్గించడం లేదుగా" అన్నాను.

"నాది నేను ఆపాను. ఇక వాడి సంగతి" అంది. లారీ దాటిపోగానే బండి రోడ్డు మీదే ఆపి, రెండు కాళ్ళూ నేలకానించి, వెనక్కి తిరిగింది. దుమ్ములో ఎర్రదీపాలతో పోతున్న ఆ లారీ మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా, తన గొంతులో ఉన్నదంతా పెట్టి తిట్టింది.